సరిపోయే బండి

మంగళవారం పొద్దున్న భోగాపురంలో మా ల్యాబులో మట్టి నమూనాలు తూకం వేస్తుండగా నాన్న ఫోన్ చేశాడు. "అమ్మీ, మీ అత్త మనకి లేదే" అన్నాడు. అమ్మ ఫోన్ అందుకుని మిగతాది చెప్పింది. అత్త ఎప్పట్లాగే పెందలాడే లేచి, టీ పెట్టుకుని, గ్లాసు పట్టుకుని వీధి అరుగు మీద కూర్చుందట. మావయ్య లోపల చేతికర్ర వెతుక్కుని బయటికి వచ్చేసరికి గోడకి చేరబడి ఉందట. ఎదురింటివాళ్లు పరుగున వెళ్లి డాక్టరుని తీసుకొచ్చారు. ఆయన చెయ్యి పట్టుకుని చూసి, గుండె ఆగిపోయిందని చెప్పి, మావయ్య పక్కన కాసేపు కూర్చుని వెళ్లిపోయాడు.

నేను అత్తవాళ్ల ఊరు గజపతినగరం చేరేసరికి వీధి పొడవునా మోటారుసైకిళ్లు. సాలూరు నుంచి, పాచిపెంట నుంచి సంత వ్యాపారులు వచ్చారు. కొండల మీద నుంచి సంతకి చింతపండు బుట్టలు దింపే ఆడవాళ్లు ఆటో కట్టించుకుని వచ్చారు. మా దూరపు బంధువొకాయన ఆ జనాన్ని చూసి, "ఈవిడేటి సేసీవారు?" అని నాన్నని అడిగాడు. చింతపండు వ్యాపారం చేసేదని చెప్పొచ్చు. నాన్న అలా చెప్పలేదు. "మా అక్క బండి తోలీది" అన్నాడు. ఆయన ఇంకేదో వింటానని ఎదురుచూశాడు. నాన్న ఇంకేమీ చెప్పలేదు.

ఆ ఇంకేదో నేను రాస్తున్నాను. ఈ మధ్య చాలామంది పిల్లలు, అందులోనూ ఆడపిల్లలు, స్పోర్ట్స్ బైకు ఏది కొనమంటావక్కా అని నన్ను అడుగుతున్నారు. నేను వాళ్లకి చెప్పేదంతా మా అత్త నాకు చెప్పిందే. ఆ మాటలు ఎవరివో వాళ్లకి తెలియాలి.

అత్త నాన్నకి సొంత అక్క. గజపతినగరంలో కొట్టున్న ఇంటికి కోడలిగా వెళ్లింది. మావయ్య చింతపండు, పసుపు, కొండచీపుళ్లు సంతల్లో కొని విజయనగరం పంపేవాడు. పెళ్లైన కొత్తలో అత్త కొట్లో కూర్చుని తూకం చూసుకునేది. ఒకరోజు గోదాంలో బస్తాల దొంతర జారి మావయ్య మోకాలి మీద పడింది. కాలు అతుక్కుంది గాని మళ్లీ వంగలేదు. కిక్కు కొట్టలేడు, బండి ఆపినప్పుడు కాలు ఆన్చలేడు. సంతకి ఎవరో ఒకరు వెళ్లకపోతే కొట్టు మూసుకోవాల్సిందే. తెలిసినవాళ్లని పంపితే తడి సరుకు అంటగట్టించుకుని వచ్చారు. అప్పుడు అత్త మావయ్య బండి తాళం తీసుకుని కాలేజీ గ్రౌండుకి నడిపించుకుంటూ వెళ్లింది. వెనక మావయ్య రిక్షాలో వెళ్లాడు. గ్రౌండు మధ్యలో కుర్చీ వేసుకుని కూర్చుని, "క్లచ్చి ఒదిలీకు, ఒదిలీకు" అని అరుస్తూ ఆయనే నేర్పాడు.

అత్తవారింట్లో పెద్దవాళ్లు ఊరుకోలేదు. "ఆడదానివి, మోటారుసైకిలేటే, నలుగురూ ఏటనుకుంతారు?" అని అత్తగారు అడిగారట. అత్త చెప్పిన జవాబు మా ఇళ్లల్లో ఇప్పటికీ అనుకుంటుంటారు. "నలుగురూ అనుకున్నాక ఆల్ల నోళ్లు ఊరుకుంతాయి. కొట్టు మూసీస్తే మళ్లీ తెరుసుకోదు." కొన్నాళ్లు చీర కుచ్చిళ్లు ముడేసుకుని తోలింది. ఒకసారి కొంగు బండి గొలుసులో పడబోయింది. ఆ వారమే పంజాబీ డ్రెస్సులు కుట్టించుకుంది. దాని మీద మరో గొడవ అయింది. ఆ గొడవ కూడా ఆగిపోయింది. అత్త మాత్రం ఆగలేదు.

మూడేళ్ల క్రితం నాకు ఉద్యోగం వచ్చింది. విజయనగరంలో మా ఇంటి నుంచి భోగాపురం రోజూ వెళ్లి రావాలి. నాన్న స్కూటీ కొందామన్నాడు. నేను స్పోర్ట్స్ బైకు కావాలన్నాను. చిన్నప్పట్నించీ నాకదే పిచ్చి. ముందుకి వంగి కూర్చునే ఆ తీరు, ఆ ఇంజను గొంతు, వంపులో ఒరిగే ఒడుపు, ఇవన్నీ ఫోన్లో చూసి చూసి నాకు కంఠతా వచ్చేశాయి. అప్పటికి నేను తోలింది కాలేజీలో స్నేహితురాలి స్కూటీ, అప్పుడప్పుడు అత్త బండి. నేను కొనాలనుకున్నది మాత్రం షోరూముల్లో అద్దం వెనక నిలబెట్టే పెద్ద ఎర్ర బండి. జీతంలో సగం వాయిదాకి పోతుంది. మిగతా సగంతో బతకొచ్చని లెక్కేసుకున్నాను.

"అది కొంటే నాతో మాటాడకు" అన్నాడు నాన్న. ఆయనకి కోపం కాదు, భయం. హైవే మీద ఏం జరుగుతుంటుందో రోజూ పేపర్లో చదువుతాడు. అమ్మ అటూ ఇటూ చెప్పలేక వంటింట్లోకి వెళ్లిపోయేది. అలా పది పదిహేను రోజులు మా ఇంట్లో ఒకరికొకరం ముఖాలు చూసుకోకుండా అన్నం తిన్నాం. ఆ సంగతి అత్తకి ఎవరు చెప్పారో తెలీదు. ఆదివారం పొద్దున్నే గుమ్మంలో బండి ఆగింది. హెల్మెట్టు తీయకుండానే లోపలికి వచ్చింది.

"ఏటే, బండి కొంతావట?"

"కొంటానత్తా. ఎవరొద్దన్నా కొంటాను."

"నానొద్దనలేదు కదా. ఎందుకు కొంతన్నావో సెప్పు. ఎక్కడికెల్తావు, ఎంత దూరమెల్తావు, ఎనకాల ఎవర్నెక్కించుకుంతావు, వాన పడితే బండెక్కడెడతావు? ఇయ్యన్నీ సెప్పు."

నేను బండి గురించి మొదలుపెట్టాను. ఎన్ని సీసీలు, ఎంత వేగం, సున్నా నుంచి నూరు ఎంతలో అందుకుంటుంది. అత్త చెయ్యెత్తి ఆపింది. "ఎంత బేగెల్తాదో నాకొద్దు. ఎంతలో ఆగుతాదో సెప్పు." నాకు తెలీదు. "సరే, పద. సూసొద్దాం" అంది. నాన్న వైపు తిరిగి, "ఒరే, నువ్వూ రా. ఇంట్లో కూసుని భయపడకు, వచ్చి సూసి భయపడు" అంది. నాన్న రాలేదు.

షోరూములో కుర్రాడు మర్యాదగా నా ఎర్ర బండి బయటికి తీయించాడు. నేనెక్కి కూర్చున్నాను. మునివేళ్లు మాత్రమే నేలకి ఆనాయి. అయినా గుండె ఎగిరిపోతోంది. అద్దంలో నన్ను నేను చూసుకున్నాను. అత్త కాసేపు అలాగే చూసుకోనిచ్చింది. తర్వాత, "దిగి, దాన్ని ఎనక్కి తోసి ఆ ర్యాంపు మీదకి ఎక్కించు" అంది. రోజూ ల్యాబు ముందు ఇసకలో, ఎత్తుపల్లాల్లో నేనే తిప్పుకోవాలి కదా, ఇక్కడ తిప్పి చూపించమంది. తోశాను. సగం ఎక్కింది. అక్కడ నా బలం చాల్లేదు, బండి నా వైపు కాకుండా అవతలి వైపు ఒరగడం మొదలుపెట్టింది. ఆ కుర్రాడు దూకి పట్టుకోకపోతే కింద పడేదే. సిగ్గుతో నా చెవులు కాలిపోయాయి. షోరూములో అందరూ చూశారు.

అత్త నవ్వలేదు. బయటికి వచ్చాక చెరుకురసం ఇప్పించి, అప్పుడు మాట్లాడింది.

"పడిపోడం తప్పు కాదే. అందరం పడతాం. ఎత్తలేంది కొనుక్కోడం తప్పు. ఈ బండి మంచిదే. నీకింకా కాదు."

"ఇంకా" అన్న ఆ మాటని నేను గట్టిగా పట్టుకున్నాను. వద్దు అనడానికీ, ఇంకా కాదు అనడానికీ ఉన్న తేడా అత్తకి తెలిసినంతగా మా ఇంట్లో ఎవరికీ తెలియదు.

తర్వాత నెల్లాళ్లు చిన్న స్పోర్ట్స్ బైకుల వేట సాగింది. నూట యాభై సీసీ తరగతి చాలంది అత్త. పాదాలు రెండూ నేలకి ఆనాలి, గట్టిగా బ్రేకేసినా చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ ఉండి తీరాలి, టైరు గాని అద్దం గాని పోతే విజయనగరంలోనే దొరకాలి. "విశాఖపట్నం పరిగెత్తాలంటే బండి నెలల తరబడి గోడకి ఆనీసి ఉంతాది" అంది. హేండిలు మరీ కిందకి ఉన్నవాటి మీద నన్ను టీ తాగినంత సేపు కూర్చోబెట్టేది. మణికట్లు నొప్పెడుతున్నాయని నేను ఒప్పుకునేదాకా దిగనిచ్చేది కాదు. వాయిదాల సంగతి ఎత్తితే, "ఉన్న డబ్బంతా బండికే పోసీకు. హెల్మెట్టు, కోటు, గ్లౌజులు, బూట్లు, ఇన్సూరెన్సు, ఇయ్యన్నీ బండిలో ముక్కలే. ఇయి కొనగా మిగిలిందాంతోనే బండి కొను" అని తేల్చేసింది. అలా తీసేసి చూస్తే కొత్తది రాదని తేలింది. నా మొహం వాడిపోయింది. అత్త మొహం వాడలేదు. "పాతది సూద్దాం. మొదటి బండికి గీతలు ఎలాగూ పడతాయి. ముందే పడుంటే నీ ఏడుపు తగ్గుతాది."

పార్వతీపురంలో ఒక లెక్చరరు బదిలీ మీద వెళ్తూ నీలం రంగు బండి అమ్ముతున్నాడని తెలిసింది. మేం వచ్చేదాకా ఇంజను స్టార్టు చేయొద్దని అత్త ఫోన్లో ముందే కోరింది. చల్లారి ఉన్న ఇంజను ఎలా అందుకుంటుందో చూడాలట. వెళ్లగానే ఇంజను మీద చెయ్యి ఆన్చి చూసింది. హేండిలు చివర్లు, పెడళ్ల చివర్లు గీసుకున్నాయేమో చూసింది. గొలుసు లాగి చూసింది. ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కుల మీద నూనె మరకలున్నాయేమో గుడ్డతో తుడిచి చూసింది. కాగితాల్లోని ఇంజను నంబరూ, బండి మీది నంబరూ నాతో చదివించింది. లెక్చరరు కూడా ఓపిగ్గా పక్కనే నిలబడి, బండి ఒకసారి ఎక్కడ పడిందో తనే చూపించాడు. "పడిందని తనే సెప్పినోడి దగ్గరే కొనాలి" అని తిరిగి వచ్చేటప్పుడు అంది అత్త. ఆ నీలం బండి తోలుకుంటూ ఇంటికి వస్తే నాన్న వరండాలోంచి చూసి లోపలికి వెళ్లిపోయాడు. నాతో మాట్లాడాడు గాని బండి గురించి మాట్లాడలేదు.

కొనడంతో అయిపోతుందనుకున్నాను. అత్త దృష్టిలో అప్పుడే మొదలు. ఆదివారాలు గజపతినగరం వెళ్లేదాన్ని. అక్కణ్నుంచి సాలూరు మీదుగా పాచిపెంట దాటి ఒడిశా వైపు ఘాట్ రోడ్డు. ముందు అత్త తన పాత బండి మీద, వెనక నేను. నా బండిలో సగం కూడా లేని బండితో ఆవిడ వంపుల్లో నాకు అందేది కాదు. పైకి వెళ్లి ఆగాక, "వంపులోకి ఒచ్చాక బ్రేకు తొక్కుతన్నావు. వంపుకి ముందే నీ పని అయిపోవాల. లోపలికొచ్చాక సూపు మాత్రం తిప్పు, బండి దాని మట్టుకు అదే తిరుగుతాది" అనేది. లారీల వెనక ఎంత దూరం ఉండాలో, డ్రైవరు అద్దంలో మనకి కనబడితేనే మనం అతనికి కనబడతామని, అన్నీ రోడ్డు మీదే చెప్పింది.

వానలు మొదలైన ఒక ఆదివారం నేను పడ్డాను. కొండ మీద నుంచి కొట్టుకొచ్చిన ఇసక వంపులో పరుచుకుని ఉంది. వెనక చక్రం జారింది. ఏం జరిగిందో తెలిసేలోపు నేను రోడ్డు మీద బోర్లా ఉన్నాను, బండి అవతల పక్కకి తిరిగి ఉంది. కోటు మోచేతి దగ్గర చిరిగింది. లోపల చర్మం గీరుకుంది, అంతే. కింద నుంచి లారీ ఎక్కుతున్న చప్పుడు వినిపిస్తోంది. అత్త తన బండిని వంపుకి కింద రోడ్డుకి అడ్డంగా పెట్టి, హారను కొడుతూ, లారీకి చెయ్యి ఊపి ఆపింది. అప్పుడు నా దగ్గరికి వచ్చింది.

"సేయి కదుపు. కాలు కదుపు. మెడ తిప్పు." అన్నీ కదిలాయి. "లెగు. బండెత్తు."

"అత్తా, నావల్ల కాదు."

"అవుతాది. ఎత్తగలిగిందే కొన్నాం."

లారీ డ్రైవరు సాయానికి దిగబోయాడు. "ఉండు బాబూ, పిల్లే ఎత్తుకుంతాది" అని అత్త ఆపింది. నేను ఏడుస్తూనే సీటుకి వీపు ఆన్చి, మోకాళ్లు వంచి, ఆవిడ నేర్పిన తీరుగా లేపాను. బండి లేచింది. నేను స్టాండు వేసేదాకా అత్త చేతులు కట్టుకునే నిలబడింది. స్టాండు పడ్డాక నన్ను దగ్గరికి లాక్కుని తన గుండెకి అదుముకుంది. ఆ గుండె ఎంత గట్టిగా కొట్టుకుంటోందో నా చెంపకి తెలిసింది. ఆవిడా భయపడిందని నాకు అప్పుడు అర్థమైంది. "ఇప్పుడు తోలకపోతే ఇంకెప్పుడూ తోలవు. ఎక్కు. ముందు నువ్వెల్లు, ఎనకాల నానొస్తాను" అంది. ఆ రోజు కొండ దిగేదాకా అద్దంలో ఆవిడ లైటు కనబడుతూనే ఉంది.

ఇంటికి వచ్చాక చిరిగిన కోటు దాచలేదు. నాన్న చూశాడు. మోచేతికి మందు రాశాడు. మర్నాడు పొద్దున్న నేను లేచి బయటికి వస్తే, బకెట్టు నీళ్లతో బండి మీది బురద కడుగుతున్నాడు. "ఈ కోటు లేకపోతే ఏటయ్యీదే?" అని అడిగి, జవాబు కోసం చూడకుండా చక్రం తుడుచుకున్నాడు. ఆ సాయంత్రం ఇంకా మంచి కోటు ఎక్కడ దొరుకుతుందో అత్తకి ఫోన్ చేసి కనుక్కున్నాడు.

నిరుటి చలికాలం అత్తకి గుండె జబ్బు బయటపడింది. మెట్లెక్కితే ఆయాసం. దూరాలు తోలొద్దన్నారు డాక్టర్లు. సంతలకి మనిషిని పెట్టుకుంది గాని, ఊళ్లో మాత్రం బండి మీదే తిరిగేది. నాతో మాట్లాడేటప్పుడు మందుల ప్రస్తావన వస్తే మాట మార్చేసేది. "నీకిప్పుడు పెద్ద బండికి టైమొచ్చిందే" అని తనే ఎత్తింది ఈ వేసవిలో. వానలో తోలావు, ఘాట్ తోలావు, పడ్డావు, లేచావు, అప్పు లేకుండా కొంత దాచావు, ఇప్పుడు వెళ్లి ఆ ర్యాంపు మీదకి తోసి చూడు అంది. వెళ్లి తోశాను. ఎక్కింది. అత్తకి ఫోన్ చేసి చెప్పాను. "తోలి సూసే కొను. నచ్చిందని కొనీకు, కుదిరితే కొను" అని గట్టిగానే చెప్పింది.

ఆ బండి నేను కొంటున్నాను. కర్మలైపోయాక నాన్నే అడిగాడు ఎప్పుడెళ్దామని. అత్త పోయింది కదా, కొన్నాళ్లు ఆగుదామని బంధువులు అన్నారు. నేను ఆగను. ఆగమని ఆవిడ నాకు నేర్పలేదు. చూసుకుని వెళ్లమంది. మీలో ఎవరైనా కొనబోతుంటే, మీ కాళ్ల పొడవు, మీ చేతుల బలం, మీ జేబు, మీరు రోజూ వెళ్లే దారి, ఇవి ముందు చూసుకోండి. ఆ తర్వాత మీ ఇష్టాన్ని ఎవరైనా చిన్నబుచ్చితే ఒప్పుకోకండి. అత్త మొదటిదాంతో పాటు ఈ రెండోదీ నేర్పింది.

ఆవిడని నేను ఆఖరుసారి బండి మీద చూసింది ఈ మధ్యే. భోగాపురం దాటాక సముద్రం వైపు కొత్తగా వేసిన రోడ్డొకటి ఉంది. సాయంత్రాలు దాని మీద ఎవరూ ఉండరు. అటువైపు బంధువులింటికి వచ్చిన అత్త, నేను డ్యూటీ దిగే వేళకి ఆటోలో ల్యాబు దగ్గరికి వచ్చి, ఆ రోడ్డు మీదకి తీసుకెళ్లమంది. వెళ్లాక నా నీలం బండి చుట్టూ తిరిగింది.

"పెద్దది కొన్నాక దీన్ని అమ్మీకు. నాకియ్యి" అంది.

నేను నవ్వాను. ఆవిడ నవ్వలేదు. ఇన్నేళ్లూ సంతకి పనికొచ్చే బండే తోలిందిగాని, తన కోసమని ఒక బండి ఎప్పుడూ కొనుక్కోలేదు. ఆ సంగతి నాకెప్పుడూ తట్టలేదు. డాక్టరు మాట గుర్తుచేశాను. "దూరాలొద్దన్నాడు. ఇది దూరమేటి?" అంది. నా హెల్మెట్టు, నా కోటు తొడుక్కుంది. చున్నీ నడుముకి బిగించి కట్టుకుంది. కళ్లజోడు హెల్మెట్టు లోపల సర్దుకుని ఎక్కి, పాదాలు ఆన్చి చూసుకుని, రోడ్డు చివరిదాకా మెల్లగా వెళ్లి తిరిగి వచ్చింది. దిగి, మణికట్లు నలుపుకుంది. నడుం మీద చెయ్యేసుకుని కాసేపు ఊపిరి తీసుకుంది. నన్ను షోరూములో చూసినట్టే తనని తాను చూసుకుంటోందని నాకు తెలుస్తూనే ఉంది.

"నాకు సరిపోదే" అంది చివరికి. గొంతులో బాధ లేదు. "సేతులు ఒప్పుకోవు. ఊపిరి ఒప్పుకోదు. అమ్మీసుకో, మంచి రేటొస్తాది."

నేను తాళం కోసం చెయ్యి చాచాను. ఆవిడ ఇవ్వలేదు.

"కొనుక్కోడానికి సరిపోదన్నాను" అంది మళ్లీ హెల్మెట్టు పెట్టుకుంటూ. "ఇంకోపాలి ఎల్లొస్తాను."

ఈసారి మెల్లగా వెళ్లలేదు. వెళ్లి, రోడ్డు చివర తిరిగి, ట్యాంకు మీదకి వంగి వచ్చింది. ఆపుతుందనుకుని నేను రోడ్డు పక్కకి జరిగాను. ఆపలేదు. తల తిప్పకుండా, ఎడమ చెయ్యి ఒక్కసారి పైకెత్తి, నన్ను దాటుకుంటూ సముద్రం వైపు వెళ్లిపోయింది. ఆవిడ సంచీ పట్టుకుని నేను అక్కడే నిలబడి, ఆ చప్పుడు గేరు మారి ఇంకా పైకి లేవడం వింటున్నాను.